చెక్కగోడ అవతల

పక్కవాటా తలుపు బార్లా తీసి ఉంది. లోపల ముసలావిడ మంచం మీద చిన్న సంచి పెట్టుకుని సర్దుతోంది. రెండు జతల బట్టలు, ఒక తువ్వాలు, మందుల చీటీ.

పాప తల్లి తమ తలుపుకి తాళం వేస్తూ పలకరించింది.

"ఊరికా అండీ?"

ముసలావిడ వెనక్కి తిరగలేదు. తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"చూశావా పొగరు! నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయి కాబోలు," అంది తల్లి.

పాప చెప్పు సరిచేసుకునే వంకతో ఆ గుమ్మం దగ్గరే ఆగింది.

అంతలో ముసలావిడ ఇటు తిరిగింది. ఇద్దర్నీ చూసి గబగబా వచ్చింది.

"పది రోజులమ్మా. పండగ లోపల వచ్చేస్తాను. సాయంత్రాలు పాప..."

"బస్సు టైమైందండీ. వచ్చాక మాట్లాడుకుందాం."

తల్లి పాప చెయ్యి పట్టుకుని మెట్లు దిగేసింది. బయల్దేరే మనిషిని ఒక్క నిమిషం నిలబెట్టి చూడడానికి తొందరలో ఉన్నవాళ్ళకి తీరదు.

క్రిస్మస్ ఇంకా రెండు వారాలే. తల్లి బజారులో పెద్ద దుకాణంలో పనిచేస్తుంది. జనం కొన్న కానుకలకి రంగు కాగితం చుట్టి రిబ్బను కట్టాలి. ఆ నెలంతా ఊపిరి సలపదు. ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. తండ్రి లారీ డ్రైవరు. పండగ సరుకు తిరిగే రోజుల్లో ఇంటి మొహం చూడడు.

నాలుగున్నరకి బడి నుంచి వచ్చి, తాళం తీసుకుని, లోపల గడియ పెట్టుకుని కూర్చోవడం పాప వంతు.

పాపకి ఎనిమిదేళ్ళు.

ఇంటాయన ఒకే పెద్ద గదిని చెక్కగోడతో రెండు వాటాలు చేశాడు. తల్లికి సెలవు దొరికిన రోజు, కాస్త కునుకు పట్టే వేళకి, అవతల్నుంచి ముసలావిడ గోడ మీద టక్, టక్ అని కొట్టేది.

"మనం గాలి పీల్చినా చప్పుడేనా ఈవిడకి!"

తల్లి గరిటె పుచ్చుకుని ఠపా ఠపా రెండు దెబ్బలు తిరిగి వేసేది. అవతల సద్దుమణిగేది. ఆవిడకి 'టకటకావిడ' అని పేరు కూడా పెట్టింది.

ఇప్పుడు పీడ విరగడైంది.

నాలుగో రోజు తల్లి ఇంటికొచ్చేసరికి పాప భుజాన బడిసంచితోనే చెక్కగోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పొద్దున పెట్టివెళ్ళిన రొట్టె పళ్ళెంలో అలాగే ఉంది.

"తినలేదేమే?"

"ఎవరూ అడగలేదు."

"రోజూ ఎవరడుగుతున్నారు తల్లీ నిన్ను?"

పాప గోడ వైపు చూసింది.

"అమ్మమ్మ. నేను రాగానే రెండు కొడతా, వచ్చేశానని. తనూ రెండు కొడుతుంది. కాసేపాగి మూడు కొడితే, తిన్నావా అని. కరెంటు పోతే, మళ్ళీ వచ్చేదాకా మెల్లిగా కొడుతూనే ఉంటుంది. అప్పుడు భయమెయ్యదు."

తల్లి చెప్పులు విడవడం మర్చిపోయింది.

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"వద్దంది. అమ్మకి బెంగ పట్టుకుంటే పనిలో చేతులాడవు అంది."

"మరి నేనింట్లో ఉన్నప్పుడు కూడా కొడుతుందిగా!"

"నువ్వుంటే నేను కొట్టను కదా. అందుకని తనే అడుగుతుంది, వచ్చానా లేదా అని. నువ్వు గరిటెతో కొడితే నేనే అనుకుంటుంది." పాపకి నవ్వొచ్చింది. "సరిగ్గా రెండే కొట్టాలని నీకెలా తెలిసిందమ్మా?"

తల్లికి నవ్వు రాలేదు.

"నాతో మాత్రం ఒక్కసారీ సరిగా మాట్లాడదు కదే."

"ఎదురుగా నుంచుని మాట్లాడాలమ్మా. నువ్వెప్పుడూ తాళం వేస్తూ మాట్లాడతావు."

మర్నాడు తల్లి సాయంత్రం నాలుగింటికే వెళ్తానని మేనేజర్ని అడిగింది.

"పండగ వారాల్లోనా? వేళాకోళమా అమ్మా?" అన్నాడాయన.

ఆ వారమే తల్లి ఒక ఊలు శాలువా కొంది. నెలంతా ఊరి కానుకలు చుట్టిన చేతులు ఆ ఒక్క పొట్లాన్ని మూడుసార్లు విప్పి చుట్టాయి. పొట్లం చెక్కగోడ పక్కనే పెట్టారు.

పాప రోజూ నాలుగున్నరకి రెండు కొట్టేది. ఆగేది. తర్వాత ఎవరూ అడక్కుండానే రొట్టె తినేది.

పండగ ముందురోజు తల్లికి ఒంటిపూట పని. సాయంత్రం అవతల మంచం జరిపిన చప్పుడైంది.

"అమ్మమ్మ వచ్చేసింది!" పాప ఎగిరి రెండు కొట్టింది.

జవాబు లేదు.

తల్లి పొట్లం తీసుకుని పక్కవాటాకి వెళ్ళింది. తలనెరిసిన ఒకాయన పరుపు చుడుతున్నాడు.

"పెద్దావిడ లేరా అండీ?"

"నేను తమ్ముణ్ణమ్మా," అని ఆయన పరుపు మీదే కూర్చుండిపోయాడు. "సామాను తీసుకెళ్దామని వచ్చాను."

తల్లికి అర్థమైంది. అయినా చెప్పాల్సింది నోట్లోంచి వచ్చేసింది.

"మా చప్పుళ్ళు పడక గోడ కొడుతున్నారనుకున్నానండీ..."

"చప్పుళ్ళా?" ఆయన తలెత్తాడు. "అక్కకి చెవులు పోయి పదకొండేళ్ళమ్మా. ఉరుము ఉరిమినా తెలీదు. నోరు చూసి మాట పోల్చుకునేది."

చెక్కగోడని ఆనుకుని ఒక కుర్చీ ఉంది. కూర్చున్నవాళ్ళ భుజం ఎత్తున గోడ మీద రంగు వెలిసి, అరచెయ్యంత మేర నున్నబడి ఉంది.

"ఆస్పత్రిలో కూడా మంచం గోడవైపుకి జరిపించుకుంది. ఎందుకక్కా అంటే చెప్పలేదు," అన్నాడాయన.

తల్లి ఆ మచ్చ మీద అరచెయ్యి ఆనించింది.

తమ వాటాలోంచి పాప మళ్ళీ రెండు కొట్టింది. చెక్క సన్నగా అదరడం తల్లి అరచేతికి తెలిసింది. జవాబు కొట్టడానికి ఆవిడకి చెయ్యి రాలేదు.

అమ్మమ్మ మరి తిరిగి రాలేదు. పండగకి నాలుగు రోజుల ముందు, మంగళవారం మధ్యాహ్నం, ఆస్పత్రిలోనే పోయింది.