నలభయ్యో బిళ్ళ

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. అరుగు మీద కొత్త పురుగుమందు సీసాని అటూ ఇటూ తిప్పి చూస్తూ చంద్రరావు, వంటింట్లో ఆయన భార్య వీరవేణి, వసారాలో నులకమంచం మీద ఆయన తల్లి అచ్చాయమ్మ, గదిలో అద్దం ముందు పెళ్ళి కుదిరిన పెద్దకూతురు హేమశ్రీ, పెరటి గుమ్మంలో పాలగ్లాసు పట్టుకుని చిన్నకూతురు హారతి.

"మింగేశావా?" వంటింట్లోంచే అడిగింది వీరవేణి.

"ఆఁ, మింగేశానమ్మా."

"ఏదీ, నోరు తెరు."

హారతి తెరిచింది. వీరవేణి వచ్చి, నాలుక కింద కూడా చూసి తృప్తిపడింది.

"ఇది ఎన్నోదే?"

"నలభయ్యోదమ్మా. డబ్బా అయిపోయింది."

శ్రావణంలో పెళ్ళిబట్టలకని రాజమండ్రి వెళ్ళినప్పుడు తెచ్చింది వీరవేణి ఆ గొట్టంబిళ్ళల్ని. రోజుకొకటి చొప్పున నలభై రోజులు మింగితే ఒళ్ళంతా రంగు తేలుతుందని షాపతను చెప్పాడట. తెచ్చినవి రెండు డబ్బాలు. ఒకటి బీరువాలో పెట్టి తాళం వేసింది. రెండోది హారతి చేతిలో పెట్టింది.

"బాగుందమ్మా! పెళ్ళి నాదా, దానిదా?" అని మూతి ముడిచింది హేమశ్రీ.

"నీ పెళ్ళి కార్తీకంలో కదే, తొందరేంటి? ముందు చిన్నదాన్ని వేసుకోనీ."

ముందు! హారతికి ఆ మాట రెండు రోజులు చెవుల్లో మోగింది. అక్క విప్పేసిన పరికిణీలు, అక్క చదివేసిన పుస్తకాలు, అక్క తొక్కి వదిలేసిన సైకిలు. పదహారేళ్ళలో అక్కకంటే ముందు తన చేతికొచ్చిన వస్తువు అదొక్కటే.

"రోజూ ఎలా ఉందో నీ డైరీలో రాయవే. డబ్బా అయ్యాక నేను చూస్తాను," అంది వీరవేణి.

ఎరువుల కొట్టువాళ్ళు నాన్నకిచ్చిన డైరీ అది. హారతి రెండేళ్ళుగా దాన్ని తలగడ కింద దాచుకుంటోంది. ఏం రాస్తున్నావని అప్పటిదాకా ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ మర్నాటి నుంచి వీరవేణి పొద్దున్నే గ్లాసుడు పాలు తన చేత్తో ఇచ్చేది. చుబుకం పట్టుకుని ముఖాన్ని వెలుతురు వైపు తిప్పేది. "కడుపులో తిప్పుతోందా? కళ్ళు తిరుగుతున్నాయా? దురదలేమన్నా వస్తున్నాయా?" అని అడిగేది. ఏడో క్లాసులో టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచానపడ్డప్పుడు కూడా అమ్మ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

అయిదో రోజు నిజంగానే తిప్పింది. పదో రోజు పెరట్లో అరటి చెట్ల వెనక్కి వెళ్ళి, పాలూ బిళ్ళా కలిపి కక్కేసింది. మట్టి కప్పి, నోరు కడుక్కుని, డైరీలో రాసింది: "బాగానే ఉంది."

అన్ని పేజీల్లోనూ మొదటి వాక్యం అదే. చెప్తే బిళ్ళలు ఆగిపోతాయి. వాటితోపాటు పాలూ, చుబుకం కింద అమ్మ వేళ్ళూ ఆగిపోతాయి.

ఇరవయ్యో రోజుకి స్కూలు దాకా సైకిలు తొక్కడం కూడా గగనమైంది. దారిలో కాలవ లాకుల దగ్గర దిగి, గట్టు మీద కూలబడేది. పక్కన నిలబడి రెండు సైకిళ్ళూ పట్టుకునేది స్నేహితురాలు రూతు.

"రంగు తేలడం కాదే, పాలిపోతున్నావు. మీ అమ్మకి చెప్పవేంటి?"

"నువ్వు చెప్పావంటే నీతో పచ్చి."

"నీ ఖర్మ. ఎక్కు, వెనకాల కూర్చో. నీ సైకిలు ఇక్కడే తాళం వేసేద్దాం."

అచ్చాయమ్మ మాత్రం ఊరుకునేది కాదు. నలభయ్యో బిళ్ళ మింగిన ఆ వేళా మంచం మీద నుంచి మొదలుపెట్టింది.

"పిల్ల చీపురుపుల్లలా అయిపోతోందే వీరవేణీ. ఇప్పుడు దీనికి రంగొచ్చి ఎవర్ని ఉద్ధరించాలే?"

"మీరూరుకోండి అత్తయ్యగారూ. ఇవాళ్టితో అయిపోయిందిగా."

"ఏమేవ్," అని అరుగు మీద నుంచి కేకేశాడు చంద్రరావు. "ఈ కొత్త మందు ముందు మురుగుకాలవ పక్క మడికి కొడతాను. అందులో ఎలాగూ పండి చచ్చేది లేదు. పైరు మాడకపోతే మిగతా రెండెకరాలకీ కొడదాం."

"అలాగే చెయ్యండి. అదే మంచిది." వీరవేణి చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఏదే, ఆ డైరీ ఇలా తే."

హారతి తెచ్చిచ్చింది. వీరవేణి నిలబడే తిరగేసింది. ప్రతి పేజీలో మొదటి వాక్యం దగ్గర వేలు పెట్టి, చదివి, తిప్పేస్తోంది. ముప్పయ్యో రోజు పేజీలో ఆ వాక్యం కింద హారతి ఇంకోటి రాసుకుంది: "ఇవాళ అమ్మే నాకు జడ వేసింది." అక్కడ ఆగుతుందేమోనని అమ్మ వేలునే చూసింది. పేజీ తిరిగిపోయింది.

"ఒక్కరోజు కూడా కడుపులో తిప్పలేదా?"

"లేదమ్మా."

"ఒట్టు?"

అప్పుడే గొంతు దాకా వచ్చినదాన్ని హారతి మింగేసింది. "ఒట్టు."

వీరవేణి ముఖం విప్పారింది. ఇన్ని రోజులూ హారతి ఎదురుచూసింది ఆ నవ్వు కోసమే. వీరవేణి గబగబా బీరువా తాళం తీసి అందులో దాచిన డబ్బా బయటికి తీసింది.

దాన్ని చూడగానే హారతి మనసులో లెక్కేసుకుంది. ఇంకో నలభై. పోనీలే, ఇంకో నలభై పొద్దులు కూడా. పరికిణీకి తుడుచుకుని చెయ్యి చాపింది.

వీరవేణి ఆ చేతిని దాటుకుని హేమశ్రీ గదిలోకి వెళ్ళి, హారతి ముఖం మీదే తలుపు వేసేసింది. లోపలి నుంచి ఆమె మాట స్పష్టంగా వినబడింది.

"ఇంక నువ్వు ధైర్యంగా వేసుకోవే, చిన్నదానికి ఏం కాలేదు."