రోవెనా చేతుల వణుకు

"ఆ వేషం నీకివ్వను రోవెనా. ఇంక అడక్కు," అన్నాడు డెస్మండ్ కార్వర్, పేకముక్కలు కలుపుతూ.

రోవెనా పైక్‌కి ఒళ్ళు మండిపోయింది. తెర మీద ఆమె ఏడిస్తే అమెరికా అంతా ముక్కు చీదుకుంటుంది. అలాంటి తారని పట్టుకుని, లాస్ ఏంజెలెస్‌లో పేరున్నవాళ్ళు సరదాగా చేరే ఆదివారం పోకర్‌లో, అందరి ముందూ ఆ మాట అనేశాడు. దర్శకుడు డెస్మండ్ తీయబోయేది పేకాటలో బ్లఫ్‌లు కొట్టి బతికే ఆడదాని కథ. ఆ వేషం కోసం ఆమె నెలల తరబడి అతని చుట్టూ తిరుగుతోంది.

"ఎందుకివ్వవు? కారణం చెప్పు."

"నీ మొహం గాజుపలక. లోపలున్నదంతా బయటికి కనిపించిపోతుంది. ఏడుపంటావా, నీ తర్వాతే ఎవరైనా. అబద్ధం మాత్రం నీ వల్ల కాదు."

"నటినయ్యా నేను! అబద్ధమే నా కూడు!"

"అయితే ఈ పూట ఉత్త ముక్కలతో నన్ను ఒక్కసారి బెదిరించి డ్రాప్ చేయించు. వేషం నీదే."

టీవీలో దేశాన్ని నవ్వించే ట్రూడీ బల్ల మీద దరువేసింది. బాస్కెట్‌బాల్ ఆడి రిటైరైన ఓటిస్ సగం కొరికిన టాకోని పళ్ళెంలో పడేసి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఇంత మజా ఆ బల్ల దగ్గర ఈ మధ్య ఎప్పుడూ లేదు.

మొదటిసారి రోవెనా చాలా గంభీరంగా పందెం బిళ్ళలు తోసింది. డెస్మండ్ ఆమె వైపు చూసి పక్కున నవ్వాడు. "ముక్కు పుటాలు అదురుతున్నాయి తల్లీ. చూపించు," అన్నాడు. చూపిస్తే చెత్త. రెండోసారి నవ్వుతూ తోసింది.

"మరీ అంత నవ్వా? టూత్‌పేస్టు ప్రకటనలా ఉంది," అని ఆ బిళ్ళలూ ఊడ్చుకుపోయాడు.

"పోనీ నా సినిమాలో వేషం ఇప్పిస్తాలే," అంది ట్రూడీ. "మాట్లాడక్కర్లేదు. శవం."

"నోరు మూసుకో!" అంది రోవెనా. మొహం కందగడ్డలా అయింది.

ఈసారి ఓటిస్ పంచాడు. పోకర్‌లో ఎవరి చేతిలో వాళ్ళకి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. అన్నింట్లోంచి మంచి ఐదు ఏరుకోవాలి. రోవెనా తన ముక్కల కొసలు కాస్త ఎత్తి చూసుకుని మళ్ళీ బోర్లించింది. ట్రూడీ, ఓటిస్ మొదట్లోనే పడేశారు. బల్ల మీద రాజు, తొమ్మిది, రెండు తెరుచుకున్నాయి. మూడూ ఆఠీన్లే! తర్వాత ఇస్పేటు ఏడు, కళావరు పది. ఇంకో రెండు ఆఠీన్లు చేతిలో ఉన్నవాళ్ళకి ఐదూ ఒకే గుర్తు ముక్కలు, అంటే కలర్. దాన్ని కొట్టడం మాటలు కాదు.

రోవెనా మిగిలిన బిళ్ళలన్నీ రెండు చేతులతో ముందుకు తోసింది. ఆ చేతులు గడగడ వణికాయి. రెండు బిళ్ళలు జారి కింద పడి దొర్లిపోయాయి. ఎవరూ తీయలేదు.

"మొత్తం పెట్టేస్తున్నా," అంది.

డెస్మండ్ నవ్వు ఆగిపోయింది. తన చేతిలో ఇంకో రెండు రాజులున్నాయి. బల్ల మీది దానితో కలిపి మూడు రాజులు! అంత మంచి ఆట పారేయడానికి ఎవరికి మనసొప్పుతుంది? ఆ చేతుల వైపు చూశాడు. ముక్కల వైపు చూశాడు. మళ్ళీ చేతుల వైపు చూశాడు.

"చెప్పవయ్యా బాబూ, గుండె ఆగిపోయేలా ఉంది!" అంది ట్రూడీ.

"బ్లఫ్ కొట్టేవాడు కొయ్యలా బిగుసుకుపోతాడు," అన్నాడు డెస్మండ్ నెమ్మదిగా. "చేతులు ఇలా వణికేది పెద్ద ముక్కలొచ్చినవాడికే. ఇన్నేళ్ళ ఆటలో ఈ లెక్క నాకెప్పుడూ తప్పలేదు. కలర్ కొట్టేశావు రోవెనా. నేను పడేస్తున్నా."

మూడు రాజులూ వృథాగా పోయాయి. రోవెనా మొహం వాడిపోయింది.

"బిళ్ళలు నీవి, వేషం మాత్రం పోయింది. నిజం ముక్కలతో గెలిస్తే లెక్కలోకి రాదుగా," అన్నాడు డెస్మండ్. "ఏదీ, చూపించు."

రోవెనా విసురుగా రెండు ముక్కలూ వెల్లకిలా పడేసింది.

ఓటిస్ కుర్చీ వెనక్కి పడేలా లేచాడు.

"ఆఠీన్ జాకీ... డైమన్ నాలుగు! ఏమీ లేదురోయ్! చెత్త! ఉత్త చెత్త!"

ట్రూడీ కుర్చీ ఎక్కి కేకలు పెట్టింది. డెస్మండ్ తల రెండు చేతులా పట్టుకుని, ఆ తర్వాత బల్ల చుట్టూ పరుగెత్తుకొచ్చి రోవెనాని అమాంతం ఎత్తి తిప్పేశాడు.

"చేతులతో నటించావు! నేను పడేశాక మొహం వాడ్చుకున్నావు చూడు, అదీ నటనంటే! నేను గాడిదని! వేషం నీదే, నీదే!" అంటూ అక్కడే నిర్మాతకి ఫోన్ కలిపాడు.

రోవెనా అందరికీ తలూపుతూ, ట్రూడీ చెయ్యి పట్టి వంటింట్లోకి లాక్కుపోయి తలుపేసింది.

"ఏమే దొంగమొహమా, ఆ వణుకు ఎక్కడ నేర్చావే?" అంది ట్రూడీ, ఆయాసపడుతూ.

"నేర్చుకోవడమేంటే! వేషం పోతే పోయింది, కలర్ వచ్చింది కదా, వాణ్ణి ఊడ్చేద్దామని సంబరపడి చచ్చాను," అంది రోవెనా గొంతు తగ్గించి. "నా బ్యాగులో అడుగున కళ్ళద్దాలుంటాయి, ఎవరూ చూడకుండా పట్రా. అందరూ డైమన్, డైమన్ అంటున్నారు, ఆ నాలుగు ఆఠీన్ కాదూ?"