ఒక్కనాడూ నాగా లేదు

"సంతకం పెడ్తవా, చస్తవా?"

మొగులప్ప నర్మద తలను గోడకేసి కొట్టాడు. విడాకులిస్తూ నారాయణఖేడ్ కోర్టు అతని పెన్షన్‌లో మూడో వంతు ఆమెకు ఇమ్మంది. ఆ వాటా తనకొద్దని రాసిన కాగితం ఆమె ముందు పడేశాడు.

"బడిల అటెండర్ నౌకరి చేసింది నేను. నా పెన్షన్ల నీకేం హక్కున్నదే?" అంటూ కడుపులో తన్నాడు.

నర్మద నోటి రక్తం తుడుచుకుని సంతకం చేసింది.

అతను కాగితం లాక్కుని చూశాడు. అక్కడున్నది అచ్చం తన సంతకమే.

"నువ్వు తాగి పండుకున్న దినాలు సార్లే హాజరు ఏసిన్రనుకున్నవా? పదకొండేండ్లు బడి ఊడ్చింది, గంట కొట్టింది, రిజిస్టర్ల గీ సంతకం పెట్టింది నేనే."

రిటైరైన రోజు "ఒక్కనాడూ నాగా చేయని మనిషి" అంటూ హెడ్మాస్టర్ శాలువా కప్పుతుంటే, వెనక నిలబడ్డ నర్మద ఎందుకు ఏడ్చిందో మొగులప్పకు ఇప్పుడు అర్థమైంది.