ఆరు పడకల గది

“ఇది గదా, గొడ్లచావిడా?”

హెడ్ క్లర్కు గారు రిసెప్షన్ బల్ల మీద తెల్లకాగితం పెట్టి అరచేత్తో చరిచారు. కాగితం నిండా ఫిర్యాదులు. వరస నంబర్లు వేసి, కింద గీత కొట్టి, సంతకం పెట్టి, తేదీ వేశారు. ముప్ఫై ఏళ్ళ ఆఫీసు అలవాటు. సెలవు పెట్టి కొండెక్కినా దిగలేదు.

బల్ల వెనక వార్డెనమ్మాయి లేచి నిలబడింది.

“ఏమైంది సార్?”

“ఏమైందా? వంటగదిలోకెళ్ళి చూడు. పొద్దున నేను వండుకు తిని, అలా కొండగాలికి తిరిగొచ్చేసరికి సింకులో మాడిన పెనం, ఎంగిలి కంచం, గుడ్డు పెంకులు! నిన్నా అంతే, మొన్నా అంతే.”

“అది కాదు సార్...”

“వెనకేసుకు రాకమ్మా! వాష్‌బేసిన్ నిండా గడ్డం వెంట్రుకలు. మీరిచ్చిన తువ్వాళ్ళు తడితడిగా నేల మీద. లైటు ఆర్పే దిక్కులేదు, కుళాయి కట్టే దిక్కులేదు. ఇక గురక! రాత్రి ఆ మోతకి ఉలిక్కిపడి లేచాను. నేను లేచానని తెలియగానే టక్కున ఆపేశాడు, దొంగవెధవ!”

మిగతా ఐదు పడకల మీదా దుప్పటి మడత నలగకపోవడం ఆయనకి మరీ ఒళ్ళుమండించింది. నంగనాచులు. పైకి అంత పద్ధతి, లోపల ఇంత కంపు. ఆయన నిద్రపోయాక చేరి, ఆయన లేవకముందే కొండలెక్కడానికి చెక్కేస్తారు, చేసిన ఛండాలం ఆయన మొహాన పారేసి!

ఇంతకీ ఆయన కొండమీద టూరిస్టులు దిగే ఈ చవక హాస్టల్‌కి వచ్చింది ప్రకృతి మీద ప్రేమతో కాదు, పెళ్ళాం మీద పంతంతో. “నేను లేకుండా నాలుగు రోజులుండలేరు మీరు,” అందావిడ, అదీ బావమరిది ఎదుట. “పది రోజులుంటాను, చూస్కో!” అని బ్యాగు భుజాన వేసుకున్నారు. ఇవాళ నాలుగో రోజు. ముందే తిరిగెళితే బావమరిది నోరు ఈ జన్మకి మూతపడదు.

పొద్దున భార్యకి ఫోన్ చేసి కూడా ఇదే ఏకరువు పెట్టారు.

“పాపం, ఎవరింటి మగమహారాజో లెండి,” అందావిడ.

“అలాంటివాడికి పిల్లనెవరిచ్చారో!”

“ఇచ్చే ఉంటారు.”

తర్వాత ఫోన్‌లో ఏదో కిచకిచ వినిపించింది. కొండల్లో సిగ్నల్ ఇంతేనని విసుక్కుని పెట్టేశారు. ఆయన లెక్కలో లోకంలో పద్ధతి తెలిసిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కణ్ణీ ఆయన రోజూ అద్దంలో చూసుకుంటారు.

ఇప్పుడు వేలు గోడ వైపు చాపారు. అక్కడ ఎర్ర అక్షరాలతో బోర్డు: ఎవరి గిన్నెలు వారే కడుక్కోవాలి. ఎవరి చెత్త వారే ఎత్తుకోవాలి. మూడుసార్లు తప్పినవారు గది ఖాళీ చేయాలి.

“గోడకి అలంకారమా ఇది? మూడుసార్లూ అయిపోయాయి. పంపించెయ్.”

వార్డెనమ్మాయి ఇబ్బందిగా నవ్వింది. “ఈ ఒక్కసారికి వదిలేద్దాం సార్. తెలియక చేసుంటారు.”

“తెలియకా! ఇంట్లో ఆడవాళ్ళు వెనకాలే తుడుచుకుంటూ తిరిగి చెడగొట్టిన బాపతు. నీలాంటివాళ్ళు ఊరుకోబట్టే నెత్తికెక్కుతారు. ఇవాళే, ఐదింటి బస్సుకే దింపెయ్యాలి.”

“పెద్దవాళ్ళైతేనో సార్?”

“అయితే ఇంకా సిగ్గుచేటు!”

“పోనీ, వచ్చి బతిమాలితే?”

“వినకు. అవన్నీ నాటకాలు. నా సర్వీసులో అలాంటివాళ్ళని ఎంతమందిని చూశానో!”

“అయితే ఆ మాట కూడా రాసివ్వండి సార్. రేపు నామీదికి రాకుండా.”

హెడ్ క్లర్కు గారి మొహం వెలిగిపోయింది. పిల్లకి పని తెలుసు! జేబులోంచి కలం తీశారు. ‘ఎట్టి పరిస్థితుల్లోనూ మినహాయింపు ఇవ్వరాదు’ అని రాసి, కింద రెండు గీతలు కొట్టి, మళ్ళీ సంతకం చేశారు.

ఆ అమ్మాయి కాగితం అందుకుని, చివరిదాకా చదివి, జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుంది.

“ఇక బ్యాగు సర్దుకోండి సార్, ఈ వారమంతా మా హాస్టల్లో దిగింది మీరొక్కరే.”