కడగని చెయ్యి

మా ఆయనది ఏటి కాపలా ఉద్యోగం. హిమాచల్ కొండల్లోని ఈ ఏట్లో ఇప్పుడు ఈదేవన్నీ మర చేపలే. ఈ చలికాలం ముగిసేలోగా ఒక్క ప్రాణమున్న ట్రౌట్ చేప దొరికితే ఏరు ఉంటుంది, లేదంటే గొట్టాల్లోకి మళ్లిస్తారు. గాలానికి ఎరగా దొంగ ఈగలు కట్టేది నేనే, నా పెళ్లి చీర జరీపోగులతో. చీరకూ ఏదో ఒక ప్రయోజనం ఉండాలిగా.

గడువుకు ముందురోజు ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు.

“పడిందే హేమా! నిజం చేప! చేతిలో కొట్టుకుంది.”

“ఏదీ?”

“వదిలేశాను. మర చేపని పట్టగానే వదలాలని రూలు కదా. పదకొండేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే తెరుచుకుంది.”

“ఆ చేతికి కంచం తీసే అలవాటు మాత్రం రాలేదు.”

ఇంకా తిడదామని దగ్గరికెళితే ఆయన కుడిచేతి నుంచి గుప్పున నీచు వాసన! మర చేపలకు వాసన ఉండదు.

“ఆ చెయ్యి కడిగారంటే ఊరుకోను,” అన్నాను.

ఆ పూట అన్నం నేనే కలిపి ముద్దలు పెట్టాను.

పొద్దున్నే, ఏరు ఉంచాలో మళ్లించాలో తేల్చే ఆఫీసరమ్మ వచ్చింది. చేపల బజార్లన్నీ మూతపడ్డాక పుట్టిన పిల్ల. ఆయన చాపిన చేతిని మర్యాదగా వాసన చూసి, నా వైపు తిరిగింది.

“ఇది దేని వాసన ఆంటీ?”