తలుపు ఉన్న చోటు

“సరిచేసిన పటమే చూపించు. మొదట్నుంచీ ఇలాగే ఉందని చెప్పు. పాతదాని ఊసెత్తావంటే ఇద్దరం రోడ్డున పడతాం,” అని ప్రోగ్రామరు చెవిలో ఊదేసి మేనేజరు బయటికి జారుకున్నాడు.

గదిలో అతనూ, పటం చూడాలని వచ్చిన ఒకావిడా మిగిలారు. ఆవిడ భర్త ఫైర్‌మన్. నెల కిందట తగలబడిన భవనంలో, మూడో అంతస్తు పొగలో మెట్ల తలుపు దొరక్క చనిపోయాడు. ఆ రోజు ఫైర్ కంట్రోల్ రూము తెర మీదున్న భవనం పటం ఈ ప్రోగ్రామరు గీసిందే. తెర మీద విండోని మూల పట్టి ఎంత లాగితే పటం అంత పెరగాలి, ఎంత కుదిస్తే అంత తగ్గాలి. అదీ అతనికి అప్పగించిన పని.

నడవా గోడ నిండా మసి అరచేతుల గుర్తులున్నాయని విన్నప్పటి నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. ఏ విండో మూల పట్టుకున్నా, అవతల ఎవరో గోడ తడుముతున్నట్టే ఉంటోంది.

“ఒక్కసారి చూపించు బాబూ,” అంది ఆవిడ.

తెరిచాడు. ఆవిడే మౌస్ అందుకుని, విండో మూల పట్టి మెల్లగా లాగింది. గోడలు జరిగాయి. నడవా సాగింది. ఎర్రటి మెట్ల తలుపు కూడా గోడలో తన చోటు తప్పకుండా వాటితో పాటే జరిగింది. తెర నిండేదాకా లాగినా అంతే.

“తలుపు సరిగ్గానే ఉంది,” అంది.

“అవునమ్మా. పటంలో తప్పేం లేదు. చూసి దారి చెప్పినవాళ్లే పొరబడి ఉంటారు.”

అది మేనేజరు నేర్పిన మాట. తన గొంతు తనకే పరాయిదిలా వినిపించింది.

ఆవిడ ఏడవలేదు. “నేనూ అదే అనుకున్నాను,” అంటూ లేచింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆవిడ గుమ్మం దాకా వెళ్లేసరికి అతని వల్ల కాలేదు.

“ఆగండమ్మా! ఇది తర్వాత సరిచేసింది. ఆ రోజు ఉన్నది ఇది కాదు.”

పాతది తెరిచాడు. చిన్న విండోలో అంతా బాగానే ఉంది. మూల పట్టి లాగాడు. గోడలన్నీ కుడివైపుకి సాగిపోయాయి. తలుపు మాత్రం మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉండిపోయింది. అసలు చోటుకి జానెడు దూరంలో, వట్టి గోడ మీద.

“గోడలన్నిటికీ విండో వెడల్పులో ఇన్నో వంతు అని లెక్క రాశాను. ఆ ఒక్క తలుపుకి తొందరలో మారని అంకె ఒకటి వేసేశాను. తర్వాత మార్చొచ్చులే అనుకుని మర్చిపోయాను. తప్పు నాదేనమ్మా, చూసినవాళ్లది కాదు. మీరు ఎవరికి చెప్పినా సరే, ఒప్పుకుంటాను.”

ఆవిడ వెనక్కి వచ్చి ఆ ఎర్ర తలుపు మీద వేలు పెట్టింది.

“ఇక్కణ్ణుంచి అసలు తలుపుకి ఎంత దూరం?”

“భవనంలో అయితే పది అడుగులు.”

వేలు తియ్యలేదు. అప్పుడు తన్నుకొచ్చింది ఏడుపు, నెల రోజులుగా లోపల బిగబట్టిందంతా. అతను తల వంచుకుని నిలబడ్డాడు. తిడుతుందనుకున్నాడు, చెంప పగలగొడుతుందనుకున్నాడు.

“పొద్దస్తమానం ఆయన గొంతే నా చెవుల్లో,” అంది. “‘ఇక్కడ గోడే ఉంది, గోడే ఉంది’ అని.”

“ఆ మాటలు మీకెవరు చెప్పారమ్మా?”

“ఒకరు చెప్పేదేంటి బాబూ? ఆ రోజు కంట్రోల్ రూము డ్యూటీలో ఈ పటం చూస్తూ, ‘తలుపు అక్కడే ఉంది, ఇంకా తడమండి’ అని వైర్‌లెస్‌లో ఆయనకి చెప్పింది నేనే.”