ఆచారిగారి దగ్గు

ఒంటరిగా బతికే పెద్దవాళ్ల కోసం గ్రంథాలయం రోజూ సాయంత్రం కంప్యూటర్ తెర మీద జరిపే చదువు గోష్ఠి అది. తలా ఒక గడిలో కనిపిస్తూ, వంతులవారీగా ఒక్కో పేజీ పైకి చదువుతారు. ఆచారిగారి పేజీ అయిపోయింది. తరువాతి వంతు మంగతాయారుది. ఆవిడ పుస్తకం మూసేసింది.

"వకుళా, ఆయన దగ్గలేదేంటే? దగ్గకుండా ఏనాడైనా మొదలెట్టారా?"

గోష్ఠి నడిపే వకుళ మిగతా గడులకి తమ మాటలు వినబడకుండా ఆపింది. "కిందటి నెల పోయారు పిన్నిగారూ. మీరంతా బెంగపెట్టుకుంటారని, పోయినవాళ్ల రూపం, గొంతు కంప్యూటర్‌తో తయారుచేసి ఇలా చదివిస్తూనే ఉండమన్నారు గ్రంథాలయంవాళ్లు."

"మరి దగ్గు?"

"అనవసరపు చప్పుడని ఇవాళే తీసేశారు."

మంగతాయారు మూసిన పుస్తకం పక్కన పెట్టింది. "నన్ను మాత్రం చదివించకే. నా గడి ఖాళీగా వదిలెయ్. మంగ ఏదీ అని ఒక్కరైనా అడగాలి కదా."

వకుళ సరేనంది. ఆ గోష్ఠిలో బతికున్న మనిషి ఇంక ఆవిడొక్కతే అని చెప్పడానికి నోరు రాలేదు.

వానాకాలంలో మంగతాయారు పోయింది. వకుళ మాట తప్పలేదు. ఆ సాయంత్రం ఒక గడి నల్లగా ఉండిపోయింది. ఆచారిగారు దగ్గకుండా చదివి ముగించారు. నల్ల గడి పక్కనున్న మరొకావిడ ఆగకుండా తరువాతి పేజీ అందుకుంది.

వకుళ ఉండబట్టలేక మైకు నొక్కింది. "మంగతాయారుగారు ఏరీ? ఒక్కరైనా అడగరేం?"

గడుల్లో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆచారిగారు ఆప్యాయంగా నవ్వారు.

"ఒక్కదానివే ఉన్నట్టున్నావు. రా అమ్మా, ఈ పేజీ నువ్వు చదువు."